ఉప్పు వాసన

సూర్యప్రకాశం గారికి గుండెజబ్బు వచ్చినందుకు పెద్దగా దిగులు లేదు. డెబ్బై రెండేళ్ళ గుండె, ఆ మాత్రం మొరాయించక మానదు. కాళ్ళు వాచినందుకూ దిగులు లేదు. ఆయన దిగులంతా ముక్కు గురించే. అది పోయిందని ఆయన అనుమానం.

"మీ మాత్రలు మొదలెట్టినప్పటి నుంచీ నా ముక్కు పనిచెయ్యడం లేదండి డాక్టరు గారూ," అని నెలనెలా మొరపెట్టుకునేవారు. రాజమండ్రిలో నాలుగు మంచాల ఆసుపత్రి పెట్టుకున్న ఉదయ్‌భాస్కర్ ఆ మొర ఓపిగ్గా వినేవాడు. వినక తప్పదు కూడా. అతని పెళ్ళికి వంట చేసింది ప్రకాశం గారే.

"మల్లెపూల వాసన తెలుస్తోందాండీ?"

"తెలుస్తోంది."

"ఫినాయిలు?"

"మీ మెట్లెక్కకముందే తెలుస్తుంది."

"మరింకేం తెలియట్లేదండీ?"

"ఉప్పు."

డాక్టరు నవ్వాడు. ఉప్పుకి వాసనేంటని చదువుకున్నవాడెవడైనా నవ్వుతాడు. కానీ కోనసీమలో నలభై ఏళ్ళ పాటు జరిగిన పెళ్ళిళ్ళలో ఆ మాటకి నవ్వినవాడు లేడు. పెళ్ళివంట దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వంటవాడు నాలిక మీద వేసుకోకూడదు. ఎంగిలి. అందుకని అందరూ గుప్పెళ్ళు లెక్కపెట్టి వేసి, ఆ పైన భగవంతుడి మీద భారం వేస్తారు. ప్రకాశం గారు భగవంతుణ్ణి ఇబ్బంది పెట్టేవారు కాదు. గుండిగకి బారెడు దూరంలో నిలబడి, కళ్ళు మూసుకుని, ఒకసారి గాలి పీల్చి, "ఇంకో దోసెడు వెయ్యి" అనేవారు. ఉప్పు చాలకపోతే ఉడుకుతున్న గుమ్మడికాయ ముక్క పచ్చివాసన వదలదట. సరిగ్గా సరిపోయిన క్షణాన ఆ పచ్చివాసన అణిగిపోయి మరో వాసన లేస్తుందట. ఆయన దానికే ఉప్పు వాసన అని పేరు పెట్టుకున్నారు. ఒకసారి ముక్కామలలో, వీధికి అవతల విడిదింట్లో గడ్డం గీయించుకుంటూ, "పులుసులో ఉప్పు రెండుసార్లు పడిందిరా, చూసుకోండి" అని అరిచారు. చూసుకుంటే నిజంగానే రెండుసార్లు పడింది. అప్పటి నుంచి ఆయన్ని వంటకి పిలిచేవాళ్ళలో సగం మంది ఆ ముక్కుని చూద్దామనే పిలిచేవారు.

"మీరు తినేది చప్పిడి కదండీ. ఉప్పు వెయ్యని వంటలో ఉప్పు వాసన ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నాడు డాక్టరు.

"నాది చప్పిడేనండి. మా ఆవిడ తనకి వేసుకుని వండుకుంటుంది కదా. ఆర్నెల్లయింది, ఆ గిన్నె వాసనైనా ఒక్కసారి రావాలి కదండీ."

పక్క కుర్చీలో కూర్చున్న సీతారామలక్ష్మి గారు ఆ మాట తనకి సంబంధం లేనట్టు పైటకొంగు సర్దుకున్నారు.

డాక్టరు ఆయన కాలి మీద బొటనవేలితో నొక్కాడు. పూర్ణం ముద్ద మీద నొక్కినట్టు గుంట పడింది, పూడలేదు. "మూడు నెలల్లో తగ్గాల్సిన వాపండీ ఇది. ఉప్పు పూర్తిగా మానేశారా?"

"ఒక్క రాయి కూడా వెయ్యట్లేదండి. గోదారమ్మ మీద ఒట్టు," అన్నారు సీతారామలక్ష్మి గారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ప్రకాశం గారు గోడ మీది క్యాలెండరులో తిథి చూస్తూ ఉండిపోయారు.

డాక్టరు తల గోక్కుని, ఆయనకి నీళ్ళు లాగే మాత్ర మరో అర పెంచాడు. పనిలో పనిగా ఆవిడకీ బీపీ చూశాడు. అదీ ఎక్కువే ఉంది. ఆవిడకీ అలాంటి మాత్రే రాసిచ్చాడు. రిక్షాలో ఇంటికొస్తూ, "ఇకనుంచి పెళ్ళిలో పేలాలు వేసినట్టు ఇద్దరం కలిసే వేసుకుందాం," అన్నారు ప్రకాశం గారు. ఆవిడ నవ్వారు.

ఇంతకీ ఆ వాపు ఎందుకు తగ్గలేదో ప్రకాశం గారికి తెలుసు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, చెప్పక తప్పదు. ఆయన రొంటిన ఒక ముక్కుపొడుం డబ్బా ఉంది. చప్పిడి పథ్యం మొదలైన వారానికే, "ఉప్పు ఎలాగూ లేదు, ఈ పొడుమైనా పీల్చుకోనియ్యి," అని పెళ్ళాం దగ్గర అనుమతి సంపాదించారు. ఇరవై ఏళ్ళ క్రితం మానేసిన అలవాటు. ఆవిడ పాపం, "డాక్టరు గారికి చెప్పకండి," అని ఒప్పుకున్నారు. ఆ డబ్బాలో ఒక్కరోజూ పొడుం లేదు. మెత్తగా దంచిన ఉప్పుంది. సాయంత్రం షికారు వంకతో సందు చివర కొట్లో కొనుక్కునేవారు. భోజనంలో ఆవిడ మజ్జిగ కోసం లోపలికి వెళ్ళగానే రొంటిన చెయ్యి వెళ్ళేది, చిటికెడు కూరలో పడేది, చటుక్కున కలిసిపోయేది. అప్పటికే చల్లారిన కూర కాబట్టి నాలికకి తెలిసేది గానీ వాసన లేచేది కాదు. అనుమానం రాకుండా రోజుకి రెండుసార్లు వీధి అరుగు మీద గట్టిగా తుమ్మేవారు. ఊరికే తుమ్మడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్ళకి తెలుస్తుంది.

ఇంట్లో మామూలుగా జరిగే పద్ధతి ఒకటుంది. ఆయన భోంచేసి లేచాక, వంటింట్లో పీట వేసుకుని ఆవిడ తినేది. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. ఆవిడేం తింటోందో, ఎంత తింటోందో ఆయన ఎప్పుడూ చూడలేదు. వంటింట్లోకి వెళ్ళే అలవాటే లేదాయనకి. గాడిపొయ్యి మీద నాలుగొందల మందికి వండినవాడు ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు ముట్టించడమేమిటని ఒకప్పుడు, గ్యాసు వచ్చాక ఆ మీటలేవో తనకి తెలియవని తరవాత, ఏదో ఒక వంక.

ఆవిడ ఆ మాత్ర మొదలెట్టిన పది రోజులకి, శ్రావణమాసంలో ఒకరోజు పొద్దున్న, కాఫీ కోసం చూస్తూ కూర్చున్న ఆయన ముందుకి సీతారామలక్ష్మి గారు ఖాళీ చేతులతో వచ్చి నిలబడ్డారు.

"బాబాయ్, విస్తళ్ళెన్ని వెయ్యమంటావు?"

ప్రకాశం గారు వేళాకోళం అనుకున్నారు. "రెండు చాలు, బంధువులు తక్కువ," అన్నారు.

"రెండేంటి, మగపెళ్ళివారే వందమంది," అని ఆవిడ విసుక్కుంటూ గుమ్మం వైపు తిరిగి, గుమ్మం ఎక్కడుందో తెలియనట్టు గోడని చేత్తో తడుముకుంటూ అక్కడే కూలబడిపోయారు. అంట్లు తోమడానికి వచ్చిన లోవమ్మ చూసి పరుగెత్తుకొచ్చి పట్టుకోకపోతే తల గడపకి తగిలేది. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆవిడ విస్తళ్ళు లెక్కపెడుతూనే ఉన్నారు. ప్రకాశం గారు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆయనకి ఒక్క వేళాకోళం కూడా తోచలేదు.

రక్తపరీక్ష కాగితం చేతికొచ్చాక ఉదయ్‌భాస్కర్ ముఖం మారిపోయింది. "సోడియం బాగా పడిపోయిందండీ. అంటే ఒంట్లో ఉప్పు. నేనిచ్చిన మాత్ర కొంత బయటికి లాగేస్తుంది గానీ, ఇంతలా పడకూడదు. ఈవిడ ఏం తింటున్నారు?"

"ఆవిడకేమండీ, శుభ్రంగా అన్నీ తింటుంది. పథ్యం నాది కదా," అన్నారు ప్రకాశం గారు.

తలుపు దగ్గర నిలబడిన లోవమ్మ గొంతు సవరించుకుంది. "లేదండి బాబూ. అమ్మగారు కూడా సప్పిడే తింటన్నారండి. ఆర్నెల్ల నుంచీని."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో సెప్పేదేంటండి. ఉప్పు జాడీ, ఆవకాయ జాడీ మా ఇంట్లోనే ఉన్నయ్యండి. ఇంట్లో ఉంచొద్దన్నారు. రెండు గిన్నెలెట్టి వండుకోండమ్మా అంటే, 'ఒద్దే, ఆయన ముక్కు సంగతి నీకు తెలీదు, ఉప్పేసిన కూర వాసన తగిలితే ఆ మనిషి నోరు ఆగదు, ప్రాణం ఉసూరుమంటుంది, నేనే మానేస్తే గొడవుండదు' అన్నారండి. మీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నారండి."

ప్రకాశం గారు బల్ల మీద కూర్చుండిపోయారు. ఆర్నెల్లుగా ఇంట్లో ఉప్పు వాసన రాలేదంటే, ఇంట్లో ఉప్పు లేదు కాబట్టి రాలేదు. ముక్కు పోలేదు. లక్షణంగా ఉంది. అది రోజూ రెండు పూటలా ఉన్నమాటే చెబుతోంటే, ఆయనే నమ్మక మాత్రల మీద నెట్టేశారు. ముక్కు తిరిగి దొరికిందన్న సంతోషం కలగలేదు. రొంటినున్న డబ్బా నిప్పుకణికలా తగిలింది.

నర్సు రూతు వచ్చి మంచం పక్కన సీసా తగిలించింది.

"ఏంటమ్మా అది?"

"సెలైనండి. ఉప్పునీళ్ళు. మామూలువాటి కంటే గాఢం. చాలా మెల్లగా ఎక్కించాలి, గబగబా ఎక్కిస్తే ప్రమాదం," అంది.

మనిషికి ఉప్పు నోట్లోంచి కాకుండా సూదిలోంచి పెట్టాల్సి రావడం ఆయన నలభై ఏళ్ళ వంటలో చూడలేదు. ఒక్కొక్క చుక్కా పడుతుంటే చూస్తూ కూర్చున్నారు. ఆయన మాత్ర ఆయనే గుర్తుపెట్టుకుని వేసుకున్నారు. రూతు ఇచ్చిన బ్రెడ్డు ముక్క పాలల్లో ముంచుకుని తిన్నారు. డబ్బా జోలికి చెయ్యి పోలేదు.

జంగారెడ్డిగూడెం నుంచి కూతురు ఉమాశ్రీ ఆ సాయంత్రానికి బస్సు దిగింది. అక్కడి స్కూల్లో టీచరు. తల్లి రెండ్రోజుల పాటు ఆ పిల్లని పెళ్ళికూతురి తరఫు మనిషి అనుకుని మర్యాదలు చేస్తూనే ఉంది. మూడోరోజు పొద్దున్న కళ్ళు తెరిచి, మొగుణ్ణి ఒక నిమిషం పరకాయించి చూసి, "గడ్డం గీసుకోలేదేం? మాత్ర వేసుకున్నారా?" అంది. ప్రకాశం గారు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పక్క మంచాల వాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చారు.

ఆవిడకి తేరుకోవడానికి మరో రెండ్రోజులు పట్టింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఆవిడ మాత్ర మార్చి, ఖండితంగా చెప్పాడు. ఆవిడ ఉప్పు తినాలి, ఈయన తినకూడదు. రెండు గిన్నెలు తప్పవు.

"అమ్మకి ఇప్పుడు ఒక గిన్నె వండే ఓపికే లేదు, రెండెవరు వండుతారు?" అంది ఉమాశ్రీ ఇంటికొచ్చాక. "అమ్మని నాతో తీసుకెళ్తాను. రెండు మూడు నెలలుండి వస్తుంది. మీకు చప్పిడి కారియరు ఎవరితోనైనా మాట్లాడి పెడతాను, నాన్నగారూ."

"నేను వండుతాను," అన్నారు ప్రకాశం గారు.

తల్లీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీరసంగా ఉన్నా సీతారామలక్ష్మి గారికి నవ్వొచ్చింది. "ఇద్దరికా? మీ చెయ్యి నాలుగొందలకి తక్కువ తిరగదు కదండీ."

"తిప్పుతాను."

ఉమాశ్రీ టీచరు కదా, పరీక్ష పెట్టకుండా ఎవర్నీ పాస్ చెయ్యదు. "సరే. రేపు ఆదివారం మీరు వండండి. అమ్మ విస్తట్లో ఉప్పు సరిగ్గా ఉంటే నేనొక్కదాన్నే వెళ్తాను. ఎక్కువైనా తక్కువైనా మూడింటి బస్సుకి అమ్మ నాతో వస్తుంది. మీరు రుచి చూడ్డానికి వీల్లేదు, చూసుకోండి మరి," అంది.

"జన్మలో ఎప్పుడు చూశాను గనక," అన్నారాయన. పైకి అలా అన్నారు గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఈ వయసులో రెండు మూడు నెలలంటే ఎంత కాలమో ఎవరు చెప్పగలరు? ఆవిడ లేని ఇంట్లో తుమ్మినా 'చిరంజీవ' అనేవాళ్ళుండరు.

మర్నాడు ఆయన వంటింట్లో అడుగుపెట్టారు. లోవమ్మ గుమ్మడికాయ, ములక్కాడ, వంకాయ, ఆనపకాయ తరిగిపెట్టి, గ్యాసు ముట్టించడం నేర్పించింది. అంత గొప్ప వంటాయనకి అంట్లు తోమే తను నేర్పాల్సి వచ్చిందని వారం పాటు వీధంతా చెప్పుకుంది. ఆయన స్టూలు మీద కూర్చుని, రెండు చిన్న గిన్నెల్లో దప్పళం పొయ్యెక్కించారు. గుండిగలకి అలవాటైన కళ్ళకి అవి పిల్లల బొమ్మరిల్లు గిన్నెల్లా కనబడ్డాయి. చింతపండు పులుసు మరిగింది, ముక్క ఉడికింది. గుమ్మడికాయ పచ్చివాసన గుప్పుమని లేచింది.

"ఉప్పేదీ?" అని చెయ్యి చాపారు, పెళ్ళివంటలో చాపినట్టే.

గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న సీతారామలక్ష్మి గారు నాలిక కరుచుకున్నారు. "అయ్యో, జాడీ లోవమ్మ ఇంట్లోనే ఉండిపోయిందండీ. ఇంట్లో ఒక్క రాయి లేదు."

"ఐదు నిమిషాలాగండి, కొట్లోంచి అట్టుకొచ్చేత్తాను," అంటూ లోవమ్మ చెప్పులేసుకుంది.

ఐదు నిమిషాలు. ఆగితే సరిపోయేది. ఆ గుట్టు ఆయనతోనే కట్టెల్లోకి పోయేది, లోకానికి నష్టమేమీ లేదు. ప్రకాశం గారు గిన్నె వంక చూశారు. గుమ్మంలో పలచబడిపోయిన ఆవిడ ముఖం వంక చూశారు. రొంటిన చెయ్యి పెట్టి, డబ్బా తీసి, మూత విప్పి గట్టు మీద పెట్టారు.

"వెళ్ళక్కర్లేదు లోవమ్మా. ఇదిగో ఉప్పు."

సీతారామలక్ష్మి గారు లేచి వచ్చి డబ్బాలోకి తొంగి చూశారు. తెల్లగా ఉంది.

"పొడుం ఏదండీ?"

"లేదు. ఎప్పుడూ లేదు."

"మరి తుమ్ములు?"

"నేనే తుమ్మాను."

ఉమాశ్రీ ఏదో అనబోతే తల్లి చెయ్యెత్తి ఆపింది. ఆవిడ ఆయన్ని తిట్టలేదు. వెనక్కి తిరిగి మెల్లగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

ప్రకాశం గారు చిటికెడు తీసి ఆవిడ గిన్నెలో వేశారు. కళ్ళు మూసుకుని గాలి పీల్చారు. ఏమీ తెలియలేదు. ముక్కు నిండా నీళ్ళు. తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ పీల్చారు. ఊహూ. మరో చిటికెడు వేసి, అందాజుగా కలిపి, నలభై ఏళ్ళలో మొదటిసారి భగవంతుడి మీద భారం వేసి దించేశారు.

"రెండు విస్తళ్ళూ పక్కపక్కనే వెయ్యి," అన్నారు లోవమ్మతో.

"అమ్మగారు తరవాత గదండీ తినేది?"

"ఇవాళ్టి నుంచి పక్కనే."

సీతారామలక్ష్మి గారు వచ్చి కూర్చున్నారు. మొగుడి పక్కన కూర్చుని తినడం ఆవిడకి పెళ్ళిలో బంతిభోజనం తరవాత ఇదే. ఉమాశ్రీ ఎదురుగా నిలబడింది. వీధి గదిలో సంచి సర్దే ఉంది. ఆవిడ అన్నంలో దప్పళం కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని నమిలారు.

"ఎలా ఉందమ్మా?"

"సరిపోయింది. సరిగ్గా సరిపోయింది," అన్నారావిడ, తల ఎత్తకుండా.

ఏడుపు ఆరిన ముక్కుతో ప్రకాశం గారు ఆ విస్తరి వైపు ఒకసారి వంగారు. గుమ్మడికాయ పచ్చివాసన. అలాగే ఉంది, అణగలేదు. ఆయన ఆవిడ ముఖంలోకి చూశారు. తన దగ్గర ఉండిపోవడానికి ఈ మనిషి మళ్ళీ చాలీచాలని ఉప్పుతో తినడానికి సిద్ధపడిందని అర్థమైంది.

"అబద్ధం," అన్నారు. "చాల్లేదు. ఇంకో చిటికెడు పడాలి. నేను తప్పాను, ఉమా."

ఆయనే డబ్బా అందుకుని, చిటికెడు తీసి ఆవిడ అన్నంలో చల్లి, వేలితో కలిపారు. వేడివేడి అన్నంలోంచి, ఆర్నెల్ల తరవాత, ఆ వాసన లేచింది. ఆయన కాసేపు అలాగే వంగి ఉండిపోయారు.

"ఇప్పుడు తిను."

ఆవిడ తిన్నారు. రెండో ముద్దకి కళ్ళు తుడుచుకున్నారు. "ఇప్పుడు బావుందండీ," అన్నారు. ఉమాశ్రీ ఇద్దర్నీ చూసి, వీధి గదిలోకి వెళ్ళి, సంచిలోంచి తల్లి చీరలు తీసి బీరువాలో పెట్టేసింది.

సీతారామలక్ష్మి గారు ఎడంచేత్తో డబ్బా మూత బిగించి, తన బొడ్డున దోపుకున్నారు. "ఇది ఇకనుంచి నా దగ్గరుంటుంది. తుమ్ములు కూడా నేనే తుమ్ముతాను," అన్నారు. ఆ మాటతో ఆయన ప్రాణం కుదుటపడింది.

అప్పుడు ప్రకాశం గారు తన విస్తట్లో దప్పళం కలుపుకున్నారు. ఒక్క రాయి ఉప్పు లేని దప్పళం. పథ్యం మొదలైన మొదటి వారం తరవాత ఆ వంటని ఉన్నది ఉన్నట్టు నోట్లో పెట్టుకోవడం ఆయనకి ఇదే. ముద్ద నాలిక మీద తడిసిన సుద్దలా తిరిగింది. మింగుడు పడలేదు. మంచినీళ్ళు తాగి మింగారు.

"ఆర్నెల్లు ఎలా తిన్నావే దీన్ని?"

సీతారామలక్ష్మి గారు మజ్జిగ గ్లాసు ఆయన వైపు జరిపారు.

"మీరు తింటున్నారు కదా అని," అన్నారు.

ప్రకాశం గారు తల వంచుకుని రెండో ముద్ద కలుపుకున్నారు.